మూడో బిడ్డ ముసలితనానికి మందు కాదు

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులు పెరిగిపోతున్నారు కాబట్టి పిల్లల్ని ఎక్కువమందిని కనాలన్న మాట ఇప్పుడు తిరుగులేని వేదవాక్కైంది. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న పాత నిబంధనను ఆ మరుసటి నెలలోనే శాసనసభ ఎత్తేసింది. అన్యాయమైన ఆ నిబంధన పోవడం మంచిదే. కానీ పిలుపు వెనక ఉన్న లెక్క నిలవదు. ముఖ్యంగా నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి చోట్ల అసలే నిలవదు.

వృద్ధుల సంఖ్య పెరుగుతున్న మాట నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. 2021లో 12.4 శాతమున్న అరవై దాటినవారు 2031కి 16.4 శాతం అవుతారని కేంద్ర అంచనా. అయితే వచ్చే ఇరవై ఏళ్లలో అరవై దాటబోయేవారంతా ఎప్పుడో పుట్టేశారు. ఇవాళ పుట్టే బిడ్డ చదువు ముగించి సంపాదనలో పడేసరికి ఆ ఇరవై ఏళ్లూ గడిచిపోతాయి. అప్పటిదాకా సంపాదించే చేతులు అవే, పోషించాల్సిన నోళ్లు మాత్రం రెండు వైపులా పెరుగుతాయి. పైగా అదే సర్వేలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. ఇక ఈ పిలుపు ఎవరికి? పిల్లల్ని కనండంటూ దక్షిణ కొరియా ఏళ్ల తరబడి డబ్బు గుమ్మరించినా 2023లో అక్కడ ఒక్కో మహిళకు సగటు సంతానం 0.72కి పడిపోయింది.

ఇంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. నంద్యాల జిల్లాకు కరువు పిల్లలది కాదు, పెరిగిన పిల్లలు నిలబడే పనిది. కె.సి. కాలువ కింద పొలం ఉన్న ఇంట్లోనైనా, ఆళ్లగడ్డలో రాతి శిల్పం చెక్కే ఇంట్లోనైనా బాగా చదివిన బిడ్డ హైదరాబాదుకో బెంగళూరుకో దారి పడతాడు. పెంచి చదివించే ఖర్చు ఈ ఊళ్లది, వాళ్ల పనితో వచ్చే సంపద, పన్నులు ఆ నగరాలవి, చివరికి ముసలితనం మళ్లీ ఈ ఊళ్లదే. మూడో బిడ్డ పుడితే అదే బస్సు ఎక్కేవాళ్లు ఇంకొకరు పెరుగుతారు.

కూలీలు దొరక్క సేద్యం దెబ్బతింటుంది కదా అంటారు. దానికి జవాబు నంద్యాలలోనే ఉంది. శనగ చెట్టు పొట్టిగా ఉండడంతో చేత్తోనే పీకాల్సి వచ్చేది. ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం యంత్రంతో కోసేందుకు వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 రకాన్ని తెచ్చింది. జనం తగ్గితే పార్లమెంటు సీట్లు తగ్గుతాయన్నది రెండో అభ్యంతరం. ఆ భయంలో న్యాయం ఉంది. కానీ 2027 జనగణనకు ఇప్పుడు పుట్టే బిడ్డలు ఏపాటి తేడా తేగలరు? అది ఢిల్లీతో తేల్చుకోవాల్సిన పంచాయితీ, ఆడవాళ్ల కడుపులతో కాదు.

చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. వృద్ధులకు ప్రతి నెలా అందే 4,000 రూపాయల పింఛనును భారమని ఈసడించేవారు, ఆ డబ్బు ఊళ్లోని కిరాణా కొట్టుకీ మందుల షాపుకీ చేరుతుందన్న సంగతి మరుస్తారు. అందులో ఎనభై ఏళ్లలోపు వృద్ధులకు కేంద్రమిచ్చే వాటా ఏళ్లుగా 200 రూపాయల దగ్గరే ఆగిపోయింది. పనిచేసే వయసును వాడుకున్న నగరాల పన్నుల్లోంచి ఈ జిల్లాలకు తిరిగి రావాల్సింది ఇక్కడే మొదలుపెట్టి అడగాలి. 2023లో మొదలైన నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాలలో వృద్ధుల వైద్యానికి ప్రత్యేక విభాగం, మంచం పట్టినవారి ఇంటికే వెళ్లే నర్సులు కావాలి. ఆ నర్సు ఉద్యోగాలే కొందరు పిల్లల్ని ఊళ్లో నిలబెడతాయి. పిల్లల్ని కనమంటే పెంచే ఖర్చు తల్లిదండ్రులది, ఈ ఏర్పాట్లు చేస్తే ఖర్చు ప్రభుత్వానిది. మొదటి మాటే నేతల నోట ఎక్కువగా ఎందుకు వినపడుతోందో వేరే చెప్పనక్కర్లేదు.