కడుపు నింపి, నోరు కట్టి

హంగరీ పశువుల కాపర్ల మాంసం పులుసు ఒక పాలనకే పేరైంది. కానీ ఆ బేరం ఎంతోకాలం నిలవలేదు.

రాజకీయ శాస్త్రం పుస్తకాల్లో వంటకానికి చోటు దక్కడం అరుదు. హంగరీ వారి గులాష్‌కు దక్కింది. 1956 తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఆ దేశాన్నేలిన యానోష్ కాదార్ విధానాన్ని ప్రపంచం 'గులాష్ కమ్యూనిజం' అంది. కొంత వెటకారం, కొంత అసూయ కలిసిన పేరది.

అసలు గులాష్ అంటే పశువుల కాపరి అనే అర్థం. ఆల్ఫోల్డ్ మైదానాల్లో మందల వెంట తిరిగే కాపర్లు నిప్పుల మీద ఇనప కాగు వేలాడదీసి వండుకున్న కూర అది. పంది కొవ్వులో ఉల్లిపాయలు నిదానంగా వేగాలి. కాగు దించాకే మిరపపొడి చల్లాలి. లేదంటే మాడి చేదెక్కుతుంది. ఆ తర్వాత గొడ్డు మాంసం ముక్కలు, కాసిని నీళ్లు, రెండు మూడు గంటల సన్నసెగ. ముదురు కండలోని పీచు కరిగి జిగురైతేనే పులుసుకు చిక్కదనం. బయటి దేశాలవాళ్లు గులాష్ పేరుతో తినే ముద్దకూరను హంగరీలో 'పోర్కోల్ట్' అంటారు. వాళ్ల గులాష్ పల్చటి పులుసే.

దానికి ఎర్రరంగు తెచ్చిన మిరప కూడా స్థానికురాలు కాదు. అమెరికా ఖండాల నుంచి బయలుదేరి, తురుష్కుల ఏలుబడి కాలంలో హంగరీ చేరింది. పోర్చుగీసు ఓడల్లో భారత్‌కు వచ్చి గుంటూరు పేరు నిలబెట్టిన మిరపదీ అదే జాతి. హంగరీలో సెగెడ్ పట్టణం దానికి పెట్టింది పేరు. ఆ ఊరి మిరపకాయల నుంచే ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ విటమిన్ సి ని పెద్దమొత్తంలో వేరుచేశారు. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది.

కాపరి కూర జాతీయ వంటకం కావడం వెనుకా రాజకీయమే ఉంది. 1784లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండో జోసెఫ్ హంగరీ మీద జర్మన్‌ను అధికార భాషగా రుద్దారు. ప్రభువర్గం భగ్గుమంది. తమ భాష, తమ వేషం, తమ తిండి అంటూ వెతుక్కుంటే పల్లె కాగు కనిపించింది. అంతవరకు మోటు తిండిగా ఉన్నది ఒక్కసారిగా ఆత్మగౌరవమైంది.

కాదార్ చేతిలో అదే కాగు మరో పనికొచ్చింది. 1956 తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణిచేశాయి. నాటి ప్రధాని ఇమ్రే నాజ్‌ను 1958లో ఉరితీశారు. భయం మీద ఎల్లకాలం ఏలలేనని కాదార్ గ్రహించారు. తమకు ఎదురు తిరగనివారంతా తమవారేనని 1961లో ప్రకటించారు. 1968లో తెచ్చిన సంస్కరణలతో కర్మాగారాలకు కొంత స్వేచ్ఛ దక్కింది. సమష్టి క్షేత్రాల్లోని రైతులు సొంత పెరటిచెక్కల్లో పండించింది అమ్ముకున్నారు. అంగళ్లలో సరుకు కనిపించింది. సోషలిస్టు శిబిరంలో హంగరీయే నయమని పొరుగువారు చెప్పుకున్నారు.

ఇందులో రాతపూర్వకం కాని షరతు ఒకటుంది: కడుపు మేం నింపుతాం, 1956 గురించి మీరు నోరెత్తొద్దు. అధికార భాషలో అది 'ప్రతీఘాత విప్లవం' మాత్రమే. నాజ్ సమాధికి గుర్తు కూడా లేదు.

కాగు కింద మంటకు కట్టెలు మాత్రం అప్పుగా వచ్చాయి. 1982లో హంగరీ అంతర్జాతీయ ద్రవ్యనిధిలో చేరింది. 1989 నాటికి విదేశీ రుణం సుమారు 2,000 కోట్ల డాలర్లు. వడ్డించడం కష్టమయ్యేసరికి జనం నోళ్లు లేచాయి. 1989 జూన్ 16న నాజ్‌కు బుడాపెస్ట్‌లో బహిరంగంగా మళ్లీ అంత్యక్రియలు జరిగాయి. సోవియట్ సేనలు వెళ్లిపోవాలని ఆ సభలో డిమాండ్ చేసిన 26 ఏళ్ల యువకుడు విక్టర్ ఒర్బాన్ తర్వాత ప్రధాని అయ్యారు. జులై 6న సుప్రీంకోర్టు నాజ్‌ను నిర్దోషిగా ప్రకటించింది. కాదార్ కన్నుమూసిందీ ఆ రోజే.

తర్వాత వచ్చిన నిరుద్యోగాన్ని, ధరల మంటను చూసి కాదార్ రోజులే నయమనుకున్నవారూ ఉన్నారు. వారిని తప్పుపట్టలేం. ఆకలి లేని రోజులు చిన్న విషయం కాదు. కానీ తిండి పెట్టడం ప్రభుత్వం బాధ్యత. ప్రజల మౌనానికి అది కట్టే వెల కాదు. ఆ తేడా మరిచిన పాలకుడికి హంగరీ ఓ పాఠం: జనం తిన్నదీ గుర్తుపెట్టుకుంటారు, అననివ్వని మాటా గుర్తుపెట్టుకుంటారు.