సైటేషన్ల లెక్క సరే, గడప లెక్క ఏది?

"సైంటిస్టు గొప్పోడా కాదా ఎట్ల తెలుస్తది సార్?" అని అడిగాడు మా కాలేజీ పిల్లవాడు. పక్కవాడు ఫోన్ తీసి "సైటేషన్లు చూస్తే సరి" అన్నాడు.

సరే, చూద్దాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద పేపర్ రాశారు. దాన్ని వేల పేపర్లు ఉటంకించాయి. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు.

బ్రాహ్మణుడైన సుబ్బారావే అక్కడ పరాయివాడయ్యాడు. మన పిల్లలు సొంత దేశపు ల్యాబుల్లోనే పరాయివాళ్లు. గైడ్ దొరకడు. ఫెలోషిప్ నెలల తరబడి రాదు. ఇంటర్వ్యూలో మాత్రం "నీ ఎచ్-ఇండెక్స్ ఎంత?" అంటారు.

2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత అది. పది పేపర్లకు కనీసం పదేసి సైటేషన్లుంటే ఇండెక్స్ పది. పేపర్ రాసే అవకాశం ఎవరికి దక్కిందో మాత్రం అది చెప్పదు.

మన జహీరాబాద్ పక్కనే పస్తాపూర్ ఉంది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో దళిత ఆడవాళ్లు జొన్న, కొర్ర, సామ విత్తనాలు కాపాడుకొచ్చారు. వాళ్ల మీద పేపర్లు రాసినవాళ్లకు సైటేషన్లొస్తాయి. ఆ తల్లుల ఇండెక్స్ సున్నా!

కొలత వద్దనడం లేదు. ల్యాబ్ గడప ఏ కులం వాళ్లు ఎందరు దాటారు, ఎందరు మధ్యలోనే వెనక్కి పోయారు? ఆ లెక్క చూపించని సంస్థకు మెరిట్ గురించి మాట్లాడే హక్కు లేదు. మీ క్యాంపస్‌లో ఆ లెక్క అడగండి.

జై భీమ్. (ఇంకా ఉంది)