మంచి పొడే, కానీ మన గరిటెకి లొంగదు

"బజారు క్రీముల్లో అన్నీ కెమికల్సే అత్తయ్యా, ఇది నేనే చేశా" అంటూ మొన్న మా మేనకోడలు ఓ సీసా చేతిలో పెట్టింది. కొబ్బరినూనెలో జింక్ ఆక్సైడ్ పొడి కలిపిందట. ఎండకి మంగుమచ్చలు పెరగకుండా రోజూ రాసుకుంటోంది.

ఈ మోజు ఊరికే రాలేదు. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సన్‌స్క్రీన్‌లలో వాడే 16 పదార్థాలను పరిశీలించి, రెండే సురక్షితమని ప్రతిపాదించింది. అందులో జింక్ ఆక్సైడ్ ఒకటి. మనకీ ఇది కొత్తేం కాదు. చెమటకాయలకి రాసే గులాబీరంగు కాలమైన్ లోషన్‌లో ఉండేది ముఖ్యంగా ఇదే.

మరి చిక్కెక్కడ? పొడి నూనెలో సమంగా కలవదు, ఉండలు కడుతుంది. ఉండ ఉన్నచోట రక్షణ, లేనిచోట ఎండ! కంపెనీవాళ్లు పరీక్షించి ఎస్.పి.ఎఫ్. అంకె వేస్తారు. మన గరిటెకి ఆ లెక్క తెలీదు. రాసుకున్నాం కదా అన్న ధైర్యంతో ఇంకో గంట ఎండలో ఉంటాం. మంగు ముదిరేది అక్కడే. పైగా రంగులకీ, టైర్లకీ వాడే రకంలో సీసం కలిసి ఉండొచ్చు. కలిపేటప్పుడు లేచే పొడి పీల్చడమూ ఊపిరితిత్తులకి మంచిది కాదు.

చంటిపిల్లలకి తొడల దగ్గర ఒరుసుకుపోతే మందులషాపులో జింక్ ఆయింట్‌మెంట్ దొరుకుతుంది. ఎండకి మాత్రం పరీక్షించిన క్రీమే కొనండి. గొడుగూ మరవకండి. ఇంట్లో చేసిందల్లా మంచిదేనని మనకో నమ్మకం. సున్నిపిండికి అది చెల్లుతుంది గానీ దీనికి చెల్లదు.