ఒకరి వ్రాత – ఒకరి సంతకము

ఇంజనీరింగు కళాశాలలలో కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులు తమకు నియమింపబడిన పనిని తాము చేయక, పరులు చేసిన దానిని తమ పేర సమర్పించుట రెండు తెలుగు రాష్ట్రములలోను నేడు బహిరంగ రహస్యముగా నున్నది. ప్రయోగశాల రికార్డు పై తరగతివాని పుస్తకము చూచి వ్రాయబడుచున్నది. వారము వారము ఇచ్చు ప్రోగ్రామును తరగతిలో నొకడు వ్రాయును. తెల్లవాఱునప్పటికి అది తక్కిన వారందఱి ఫోనులలోనికి ప్రాకును. నాలుగవ సంవత్సరపు ప్రాజెక్టు మాట చెప్పనే యక్కఱలేదు. హైదరాబాదున అమీర్‌పేటకు పోయినవారు ఆ బోర్డులు చూచియే యుందురు. శీర్షికల జాబితా సిద్ధముగా నుండును. కోరిన శీర్షికకు ప్రోగ్రాము, నివేదిక, పరీక్షకుని యెదుట చూపవలసిన చిత్రపటములు, అతడు అడుగదగు ప్రశ్నలకు జవాబులు, అన్నియు ఒకే ధరకు లభించును. కొనువాడు దాచుకొనడు, అమ్మువాడు సిగ్గుపడడు, పుచ్చుకొను కళాశాల ప్రశ్నింపదు. ముగ్గురును సమ్మతించి జరుపుకొను వ్యవహారమున నేరమెక్కడిదని అడుగువారును కలరు. వారికి సమాధానము చెప్పవలసి యున్నది.

విద్యార్థుల వాదమును విననైన వినక త్రోసివేయుట న్యాయము కాదు. ఈ వృత్తిలో ఎవ్వడును మొదటి పంక్తి నుండి తుది పంక్తి వఱకు తానే వ్రాయడనియు, ఉద్యోగమున చేరిననాటి నుండి పరుల కోడును తెచ్చి కూర్చుటయే పనియనియు, ఆ కూర్పునకు జీతమిచ్చు లోకము తరగతి గదిలో దానినే దోషమనుట వింతయనియు వారందురు. ఇందు సగము నిజము. 1989లో వెలువడిన జి.ఎన్.యు. జనరల్ పబ్లిక్ లైసెన్సు, దాని క్రింద పంచబడిన ప్రోగ్రామును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, తిరిగి పంచవచ్చునని చెప్పినది. నేటి కంప్యూటరులలో పెక్కింటిని నడుపు లినక్సు అట్టి యనుమతితోనే పెరిగినది. వేలకొలది ప్రోగ్రాము రచయితలు తమ శ్రమఫలమును ఈ విధముగా లోకమునకు ధారవోసిరి. పూర్వము ఊరి చెఱువు త్రవ్వించినవారి దానమునకు ఇది తీసిపోదు.

కాని ఆ దాతలు కోరినదేమి? ధనము కాదు. మిక్కిలి ఉదారమని పేరొందిన ఎం.ఐ.టి. లైసెన్సు సైతము ఒక్క షరతు పెట్టుచున్నది. మూలకర్త పేరు గల హక్కుల ప్రకటనను, అనుమతి వాక్యములను ప్రతులయందు ఉంచవలెను. స్టాక్ ఓవర్‌ఫ్లోలో సందేహములు తీర్చువారి జవాబులను కూడ, కర్తను పేర్కొన్నయెడలనే వాడుకొనవచ్చునన్న నియమము కలదు. సర్వస్వమును ఇచ్చినవాడు తన పేరొక్కటి చెఱపవలదన్నాడు. మన విద్యార్థి మొట్టమొదట చెఱపునది ఆ పేరే! కావున తగవు అరువు తెచ్చుకొనుటను గూర్చినది కాదు. అరువు సొమ్మును ఆర్జితమని చెప్పుకొనుటను గూర్చినది. మిల్లుబట్ట నేయుట నేరము కాదు, కట్టుట నేరము కాదు. దానిపై ఖద్దరు ముద్ర వేసి అమ్ముటను మాత్రము ఎవ్వరును వ్యాపారమనరు.

ఈ వివేకమును మనము పశ్చిమదేశముల నుండి దిగుమతి చేసికొన నక్కఱలేదు. సుమారు 1100 సంవత్సరముల క్రిందట రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో, పరుల కావ్యముల నుండి శబ్దమును అర్థమును గ్రహించుటను గూర్చి విపులముగా విచారించెను. గ్రహణమెల్ల దోషమని ఆయన అనలేదు. ఎల్ల ఒప్పనియు అనలేదు. తెగలు విడదీసెను. అర్థమంతయు మొదటివానిదే యై, మాటల కూర్పు మాత్రము మాఱినది ప్రతిబింబకల్పము. కొలది సంస్కారముచేత వేఱుగా తోచునది ఆలేఖ్యప్రఖ్యము. వస్తువు వేఱైనను మిక్కిలి పోలికచేత ఒకటియే యనిపించునది తుల్యదేహితుల్యము. మూలమొకటియే యై రూపమంతయు క్రొత్తదైనది పరపురప్రవేశసదృశము. వీనిలో మొదటిదానిని కవి విడిచిపెట్టవలెనని ఆయన మతము.

చరరాశుల పేర్లు మార్చి, వ్యాఖ్యలు తొలగించి, రెండు ఫంక్షనులను ముందు వెనుకలుగా సర్ది సమర్పించు ప్రోగ్రాము అచ్చముగా ప్రతిబింబకల్పము. ఒక అల్గారిథమును పుస్తకమున చదివి, అర్థము చేసికొని, పుస్తకము మూసి, తన సమస్యకు తగినట్లు తిరిగి నిర్మించినవాని పని నాలుగవ తెగకు చేరును. 1994లో అమెరికాలో అలెక్స్ ఐకెన్ నిర్మించిన ‘మాస్’ అను సాధనము ముఖ్యముగా పట్టునది మొదటి తెగవారినే. అది పేర్లను లెక్కింపదు. ప్రోగ్రామును చిన్న చిన్న తునకలుగా చేసి, ఒక్కొక్క తునకకు ఒక సంఖ్యను గుఱుతుగా కట్టి, వానిలో కొన్నింటిని ఏఱి, రెండు ప్రతులలోని గుఱుతులను సరిపోల్చును. పేరు మార్చుకొన్న మాత్రమున వ్రేలిముద్ర మాఱదు గదా! అయినను అది పోలికను చూపునే కాని దోషమును నిర్ణయింపదు. ఆ పని ఉపాధ్యాయునిదే.

ఇక పేరు చెప్పుకొనుటవలన గౌరవము తగ్గునేమో యని జంకు విద్యార్థులకు మన ఆదికవి చరిత్రమే జవాబు. నన్నయభట్టు భారతావతారికయందే తనకు తోడ్పడిన నారాయణభట్టును పేర్కొని స్మరించెను. దానివలన నన్నయ ఆదికవిత్వమునకు వచ్చిన లోటేమి? ఒక ప్రోగ్రాము మొదట, ఈ భాగము ఫలానివారి నుండి గ్రహించితిని, ఇక్కడ మిత్రుడు సాయపడెను అని రెండు పంక్తులు వ్రాసిన విద్యార్థికి ఏ మార్కులును తగ్గనక్కఱలేదు. తగ్గించు ఉపాధ్యాయుడున్నచో, విద్యార్థికి కల్లలాడుట నేర్పినవాడు ఆయనయే.

ఈ కాపీవలన నష్టపడువాడు మూలకర్త యని పలువురు తలంతురు. అతడు ఎక్కడనో యుండును. అతనికి తెలియనైన తెలియదు. నష్టపడువాడు ప్రక్క బల్లపై కూర్చున్నవాడు. పల్లెటూరి బడిలో తెలుగు మాధ్యమమున చదివి, ఆంగ్లమున వ్రాసిన పాఠము బోధపడక, రాత్రియంతయు మేల్కొని, సగము మాత్రమే నడచు ప్రోగ్రామును స్వహస్తముతో వ్రాసి తెచ్చినవానికి తక్కువ మార్కులు. నిద్రపోయి లేచి, పూర్తిగా నడచు పరుల ప్రోగ్రామును తెచ్చినవానికి ఎక్కువ మార్కులు. ఆ మార్కుల మొత్తమును చూచియే కంపెనీలవారు పరీక్షకు పిలుతురు. కళాశాల వాకిట జరుగు ఈ అన్యాయమునకు ఫిర్యాదు లేదు, విచారణ లేదు. అదిగాక, అందఱును కొను ప్రాజెక్టును తాను కొనలేని బీదవానికి ఇది ఒక క్రొత్త పన్నుగా కూడ పరిణమించినది.

కాపీ చేసినవాడు మాత్రము బాగుపడెనా? కంప్యూటరు శాస్త్రమున అభ్యాసమనునది ప్రోగ్రాము నడచిన చోట లేదు. నడువని చోట కలదు. ఎక్కడనో ఒక లెక్క ఒకటి తక్కువగా వచ్చును. ఒక ఆవృత్తి ఆగవలసిన చోట ఆగదు. రెండు గంటలు వెదకి, చివఱకు తన ఊహయే తప్పని కనుగొన్న క్షణమున విద్యార్థికి కలుగు జ్ఞానము ఏ పుస్తకమునను లేదు. కాపీ కొట్టినవానికి దక్కనిది సరిగా ఈ రెండు గంటలే. గరిడీలో ఒకడు దండీలు తీయగా వేఱొకనికి కండ పెరుగునా? పరుల ప్రోగ్రాము నడచును. దానిని తెచ్చినవాడు నడువలేడు. కొలువులో చేరిన పిమ్మట ఆ ప్రోగ్రాము చెడిన నాడు, దానిని బాగుచేయవలసిన కుర్చీలో ఇతడు కూర్చుండును.

బోధపడని కోడును నమ్ముకొనుట ఎంత ప్రమాదమో తెలిసికొనుటకు చౌర్యము జరిగిన ఉదాహరణమే అక్కఱలేదు. 1996 జూన్ 4వ తేదీన దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుండి ఐరోపావారు తొలిసారి ఎగురవేసిన ఏరియేన్ 5 రాకెట్టు సుమారు 40 సెకనులలో దారి తప్పి ధ్వంసమయ్యెను. కారణము, పూర్వపు ఏరియేన్ 4 కొఱకు వ్రాసిన ప్రోగ్రాము భాగమును దీనియందును ఉంచుట. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చు; 16 బిట్ల గదిలో పట్టని సంఖ్య వచ్చెను; తోడుగా నుంచిన రెండవ యంత్రమునందును అదే ప్రోగ్రాము ఉండుటచే అదియు పడిపోయెను. వారు దొంగిలింపలేదు, తమ సొత్తునే తాము వాడుకొనిరి. ఆరితేఱిన ఇంజనీర్లకే ఇట్లు జరిగినప్పుడు, తాను తెచ్చిన ప్రోగ్రాములో పదవ పంక్తి ఏమి చేయుచున్నదో ఎఱుగని పట్టభద్రుని చేతికి బ్యాంకుల లెక్కలను, ఆసుపత్రుల యంత్రములను ఒప్పగించుట ఎట్లు?

అయినను బాలురనొక్కరినే బోనులో నిలువబెట్టుటకు మేము సమ్మతింపము. 2018లో విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము గ్రంథచౌర్య నివారణకై నిబంధనలు చేసినది. ఆ లెక్కన సిద్ధాంతవ్యాసమున పోలిక 10 శాతము వఱకు శిక్ష లేదు; 40 శాతము వఱకైన ఆఱు నెలలలోపల సవరించి తిరిగి సమర్పింపవలెను; 60 శాతము వఱకైన ఒక సంవత్సరము సమర్పణ నిషిద్ధము; అది దాటిన పేరే రద్దగును. చూచుటకు కఠినముగానే యున్నది. కాని ఆ నిబంధనలలోని నిర్వచనమే అసైన్‌మెంట్లను, ప్రాజెక్టు నివేదికలను, జవాబు పత్రములను మినహాయించినది. పరిశోధకునికై వల పన్ని, వానికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా నున్న బి.టెక్. విద్యార్థులకు వీథితలుపు తెఱచి యుంచినట్లున్నది. శాతములతో ఈ రోగము కుదురునని కూడ మేము నమ్మము. అంగడివాడు ఒక విద్యార్థికొఱకే ప్రత్యేకముగా వ్రాయించి యిచ్చిన ప్రాజెక్టునకు దేనితోను పోలిక ఉండదు. యంత్రము దానికి సున్న శాతమని కితాబిచ్చును. పోలిక లేకపోవుట వేఱు, స్వంతమగుట వేఱు.

2022 నవంబరులో ఛాట్‌జీపీటీ వచ్చిన తరువాత ఆ అంగడి కూడ అనవసరమగుచున్నది. అడిగినదే తడవుగా యంత్రము ప్రోగ్రాము వ్రాసి యిచ్చును, అడిగిన ప్రతివానికి ఒక్కొక్క తీరున. యంత్రము వ్రాసినదానిని యంత్రముతోనే పట్టుకొందమనుకొన్నవారికి ఆశాభంగమైనది. ఛాట్‌జీపీటీని నిర్మించిన ఓపెన్ఏఐ సంస్థ తానే అట్టి పరిశీలక సాధనమొకటి వెలువరించి, అది చాలినంత కచ్చితముగా చెప్పజాలకున్నదని 2023 జులైలో ఉపసంహరించుకొన్నది. ఇట్టి సాధనముల మాట పట్టుకొని, స్వయముగా వ్రాసిన నిర్దోషిని దొంగ యని నిలదీయుటకంటె ఘోరమేమి కలదు?

మిగిలినది పాత పద్ధతియే: ఎదుట కూర్చుండబెట్టి అడుగుట. మన కళాశాలలలో ప్రాజెక్టునకు వైవా లేకపోలేదు. కాని పరీక్షకుడు అట్ట త్రిప్పి, శీర్షిక చదివి, రెండు ప్రశ్నలడిగి సంతకము చేయుచున్నాడు. అట్లు గాక, విద్యార్థిని అతని ప్రోగ్రాము ముందే కూర్చుండబెట్టి, ఇందొక నియమము మార్చితిమి, దానికి తగినట్లు సవరింపుమని ఒక గంట కాలమిచ్చిన చాలును. అమీర్‌పేటలో కొన్నదియైనను, యంత్రము వ్రాసినదియైనను, మిత్రుడిచ్చినదియైనను అక్కడ తేలిపోవును. నిజముగా నేర్చినవాడు, పుస్తకము చూచి నేర్చినను, యంత్రమునడిగి నేర్చినను, అక్కడ నిలబడును. ప్రాజెక్టు మార్కులలో సగమైనను ఈ గంటకు కేటాయింపవలెనని మేము విశ్వవిద్యాలయములను కోరుచున్నాము. ఇందుకు ఉపాధ్యాయులు చాలరందురు. చాలని మాట నిజమే. చాలినంతమందిని నియమింపక వందలకొలది విద్యార్థులను చేర్చుకొన్నదెవరు?

తప్పు చేసినవానికి వెనుకకు తిరుగు త్రోవ కూడ ఉండవలెను. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సి.ఎస్.50 అను ప్రసిద్ధమైన కంప్యూటరు పాఠక్రమమున 2014 నుండి ఒక నియమము కలదు. నియమము మీఱినవాడు 72 గంటలలోపల తానే వచ్చి ఒప్పుకొన్నచో, ఆ పనికి మార్కులు పోవచ్చును గాని, విషయము విచారణ సంఘమునకు పోదు. ఇట్టి నియమము ఉండియు 2016లో ఆ తరగతినుండి 60 మందికి పైగా విద్యార్థులు విచారణకు పంపబడిరి. అంతటి విద్యాలయమునందును ఈ రోగము కలదని ఊరట చెందువారు చెందవచ్చును. మేము గమనించునది, అక్కడ విచారణ యనునది ఒకటి యున్నదని మాత్రమే.

మా పాఠకులలో ఎకరమమ్మియో, అప్పు చేసియో కుమారులను, కుమార్తెలను ఈ చదువునకు పంపినవారు అనేకులు. నాలుగవ సంవత్సరమున ప్రాజెక్టు రుసుమని ఇంటికి కబురు వచ్చును. కళాశాలకు కట్టవలసిన రుసుము కట్టియే యున్నప్పుడు ఈ క్రొత్త రుసుము ఎవరికని, దేనికని సొమ్ము పంపుటకు ముందు వారొకసారి అడుగవలెను.