ల్యాప్‌టాప్‌లో పనిచేస్తే చాలదు: విద్యానిధి డబ్బు గురించి నాలుగు మాటలు

పోస్టు కొంచెం పొడవు. ఓపిగ్గా చదవండి.

ఈ ఏడు మన పిల్లలకు ఎంబెడెడ్ లైనక్స్ కోర్సు ఫీజు విద్యానిధి నుంచి కట్టాలని కొందరు సభ్యులు ప్రతిపాదించారు. ఉద్దేశం మంచిదే. కానీ కోర్సులో ఏం చెబుతారో చూశాం. డ్రైవర్ పాఠాలన్నీ ల్యాప్‌టాప్ మీదే. పిల్లవాడు బోర్డు ముట్టుకోడు. క్యాష్ అన్న మాటే లేదు. దీన్ని మేము ఒప్పుకోం.

ఇంజనీర్లు కానివాళ్ల కోసం రైల్వే భాషలో చెబుతాం. లోపలి గదిలో అసలు రిజిస్టరు ఉందనుకోండి. ప్రతిసారీ లేచి వెళ్లలేక కౌంటర్ గుమాస్తా ఖాళీ బెర్తులను ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకుంటాడు. పని వేగంగా సాగుతుంది. ఇంతలో ఇంకొకరు నేరుగా రిజిస్టరులో బెర్తు రాసేస్తే చీటీ పాతదైపోతుంది. ఒకే బెర్తుకు ఇద్దరు ప్రయాణికులు! రిజిస్టరు మెమరీ, చీటీ క్యాష్, గుమాస్తా ప్రాసెసర్. నేరుగా రిజిస్టరులో రాసేది నెట్‌వర్క్ కార్డో కెమెరానో. దానికే డీఎంఏ అని పేరు.

అందుకే లైనక్స్‌లో కట్టుబాటు ఉంది. బఫర్‌ను పరికరానికి ఇచ్చే ముందు డీఎంఏ మ్యాప్ సింగిల్ పిలవాలి. అప్పుడు చీటీలోది రిజిస్టరుకు ఎక్కుతుంది. పరికరం పని ముగిశాక అన్‌మ్యాప్ గానీ, సింక్ ఫర్ సీపీయూ గానీ పిలవాలి. అప్పుడు పాత చీటీ చింపేస్తారు. ఆ మధ్యలో బఫర్ పరికరానిదే, ప్రాసెసర్ దాన్ని ముట్టుకోకూడదు. క్యాష్ లైన్ చాలా చిప్పుల్లో 64 బైట్లు. అదే లైన్‌లో పక్కన వేరే లెక్క ఉంటే చీటీతో పాటు అదీ పోతుంది. స్టాక్ మీది బఫర్‌ను డీఎంఏకు ఇవ్వొద్దనడానికి ఇదొక కారణం.

ఇక అసలు సంగతి. మన ల్యాప్‌టాపుల్లోని ఎక్స్86 ప్రాసెసర్లలో ఈ సరిచూపు హార్డ్‌వేరే చేసేస్తుంది. పిల్లవాడు సింక్ మరిచినా ప్రోగ్రాం నడుస్తుంది, మార్కులు పడతాయి. అదే కోడు చాలా ఏఆర్ఎం బోర్డుల మీద వందసార్లు నడిచి నూటొకటోసారి పాత డేటా ఇస్తుంది. తప్పు ఎక్కడుందో వారం వెతికినా దొరకదు. ఇంటర్వ్యూలో అడిగేదీ ఇదే.

"కోహెరెంట్ మెమరీ తీసుకుంటే గొడవే లేదు కదా" అని ఒక సభ్యుడు అన్నారు. అలాంటి బోర్డుల్లో అది క్యాష్ లేని మెమరీ. చిన్న డిస్క్రిప్టర్లకు సరే. కెమెరా ఫ్రేము మొత్తం అందులో పెట్టి ప్రాసెసర్‌తో చదివిస్తే నత్తనడకే. పైగా అదే మెమరీని యూజర్ ప్రోగ్రాంకు ఎంమ్యాప్ చేసేటప్పుడు డీఎంఏ ఎంమ్యాప్ కోహెరెంట్ వాడకుండా మామూలుగా మ్యాప్ చేస్తే, కెర్నెల్ క్యాష్ లేకుండా, ప్రోగ్రాం క్యాష్‌తో చూస్తాయి. మళ్లీ రెండు చీటీల కథే.

"ఏఐ రాసిస్తుంది" అన్నారు ఇంకొకరు. రాయనివ్వండి. సింక్ లేదని కనిపెట్టేది ఎవరు?

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చిన నాటి నుంచి ఈ ఊరు చిప్పుల ఊరు. ఇప్పుడు ఐఐటీ మద్రాస్ శక్తి, సీడాక్ వేగా అని రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లు మన దేశంలోనే రూపొందుతున్నాయి. రిస్క్-ఫైవ్‌లో క్యాష్ శుభ్రం చేసే ప్రామాణిక ఆదేశాలు ఖరారైందే 2021 చివర్లో. అంటే ఈ పని పాతబడలేదు, ఇప్పుడే మొదలవుతోంది. అలాంటి చోట మన పిల్లలకు సర్టిఫికెట్ కాగితం ఇస్తే సరిపోతుందా?

మేము అడిగేవి మూడు. ఒకటి, ఆ ఫీజు డబ్బుతో ముందు బీగల్‌బోన్ బ్లాక్ లాంటి ఏఆర్ఎం బోర్డులు కొని సంఘం గదిలో పెట్టాలి. రెండు, బోర్డు దొరికేదాకా ల్యాప్‌టాప్ కెర్నెల్‌లోనే డీఎంఏ ఏపీఐ డీబగ్ ఆన్ చేసి నేర్పాలి. మ్యాపింగ్ తప్పులు చాలావరకు అక్కడే బయటపడతాయి, పైసా ఖర్చు లేదు. మూడు, మనలోనే డ్రైవర్లు రాసే ఉద్యోగులు ఉన్నారు. నెలకు రెండు ఆదివారాలు వాళ్లు పాఠం చెప్పాలి.

ఇది సభ్యులు చందాలిచ్చి పోగేసిన డబ్బు. సర్వసభ్య సమావేశంలో చెయ్యి ఎత్తే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ కోర్సులో రాసిన డ్రైవర్ బోర్డు మీద నడుస్తుందా? జవాబు వచ్చాకే ఓటు వేయండి.