పెండింగ్ ఎవరి దగ్గర?

మన ఆఫీసుల్లో చలామణీ అయ్యే ఇంగ్లీషు మాటల్లో నాకు ఒళ్లు మండేది ఒక్కటే: పెండింగ్.

ఏ తహసీల్దారు ఆఫీసుకైనా వెళ్లి చూడండి. పాస్‌బుక్కు జిరాక్సులు పాలిథిన్ కవర్లో పెట్టుకుని కిటికీ ముందు ఒక ముసలామె నిలబడి ఉంటుంది. లోపలాయన కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండానే "పెండింగ్ చూపిస్తోందమ్మా" అంటాడు. "ఎవరి తాన పెండింగున్నది సారూ?" అంటే "సిస్టంలో" అని జవాబు. ఆపిన మనిషి లేడు, ఫైలే అలిగి కూర్చుందన్నమాట!

ఇంగ్లీషువాడి పెండింగ్‌కి నిర్ణయం కావలసి ఉందని అర్థం. అంటే నిర్ణయించాల్సినవాడు ఒకడు ఉండాలి, దానికో గడువు ఉండాలి. మన గుమ్మం తొక్కేసరికి ఆ రెండూ ఎగిరిపోయాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పెండింగ్ అంటే పిల్లల సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో బందీ. తెల్లకాగితాల మీద కొన్న భూముల కోసం 2020లో తెలంగాణ సర్కారు లక్షల్లో సాదా బైనామా దరఖాస్తులు తీసుకుంది. అవి ఏళ్ల తరబడి పెండింగ్. చట్టంలో చిక్కొచ్చిందన్నారు. ఆ చిక్కు పెట్టింది రైతా?

అదే మనం కరెంటు బిల్లు పెండింగ్ పెడితే? ఫ్యూజు పీకేస్తారు. ఆలస్యమంటే మనకు జరిమానా, వాళ్లకు స్టేటస్!

2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ నాటకాన్ని ఒప్పుకోలేదు. 30 రోజుల్లో జవాబివ్వకపోతే నిరాకరించినట్టే లెక్క. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు. అది కూడా అతని జేబులోంచే. మౌనానికి అర్థం 'కాదు' అని చట్టానికి తెలిసినప్పుడు, పట్టాకూ పెన్షన్‌కూ ఎందుకు తెలియదు?

సిబ్బంది లేరంటారా? నిజమే కావచ్చు. అయితే 'ఈ పోస్టు ఖాళీ, భర్తీ చేయాల్సింది ఫలానా శాఖ' అని అదే తెర మీద రాయండి. పెండింగ్ అన్న ప్రతిచోటా అధికారి పేరు, ఫైలు ఆయన బల్ల మీదికి వచ్చిన తేదీ, ఆగిన కారణం కనబడాలి. అవి రాయడానికి చేతులు రాకపోతే, కాదని రాతపూర్వకంగా ఇవ్వండి. అప్పీలు ఎక్కడ వేయాలో మేం చూసుకుంటాం.