బ్లాక్‌బోర్డు వదిలి బస్సెక్కే టీచర్లు

ఇరవై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పిన టీచరు రాజీనామా చేసి విద్యాయాత్రలు నడుపుతానంటే ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న జీతం గురించే. న్యాయమైన ప్రశ్నే. బడి పిల్లల యాత్రలకు సీజన్ దసరా సెలవుల తర్వాత మొదలై పరీక్షల హడావుడితో ముగుస్తుంది. మిగతా నెలల్లో బస్సు కదలదు, బిల్లూ రాదు. అయినా కాలం ఇలాంటివారికి కొంత అనుకూలంగానే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల వారికి పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలంది. పిల్లల్ని పంపడానికి 100 పర్యాటక స్థలాలను గుర్తించాలనీ చెప్పింది.

అధ్యాపకులు ఈ రంగంలోకి రావడం కొత్తేమీ కాదు. ఒకప్పటి అధ్యాపకుడు మార్టీ నోల్టన్ 1975లో మరొకరితో కలిసి అమెరికాలో ఎల్డర్‌హాస్టల్ ప్రారంభించారు. వయోవృద్ధులకు చదువునూ ప్రయాణాన్నీ కలిపి అందించిన ఆ సంస్థకు తొలి వేసవిలో వచ్చింది 220 మందే.

టీచరు చేతిలో ఉన్న అసలు పెట్టుబడి ఏమిటో సూరత్ దగ్గరి హజీరాలో తేలిగ్గా అర్థమవుతుంది. ఇక్కడి సువాలీ బీచ్‌కు ఏ ట్రావెల్ ఏజెంటైనా పిల్లల్ని తీసుకురాగలడు. ఇసుకలో ఆడించి, భజియాలు పెట్టించి, సాయంత్రానికి ఇళ్లకు చేర్చగలడు. 1612 చివర్లో థామస్ బెస్ట్ నౌకలు పోర్చుగీసు వారిని ఎదిరించి నిలిచింది ఈ నీళ్లలోనేనని చెప్పడం మాత్రం టీచరు పని. ఆ తర్వాతే సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరానికి జహంగీర్ అనుమతి దొరికింది. 1611లోనే మచిలీపట్నంలో దిగిన కంపెనీకి ఇక్కడ ఆలస్యం ఎందుకైంది? ఈ ప్రశ్న వేసి, పిల్లలు తడుముకునేదాకా ఆగడం బ్రోషర్లకు చేతకాదు.

వెనక్కి తిరిగితే ఎరువుల కర్మాగారం, ఉక్కు కర్మాగారం, గ్యాస్ టెర్మినల్. అరేబియా సముద్రగర్భం నుంచి వచ్చిన గ్యాస్ ఇక్కడి నుంచే విజయ్‌పూర్ మీదుగా జగదీశ్‌పూర్ దాకా పైప్‌లైన్‌లో వెళ్తుంది. 2020 నవంబర్ 8న ప్రారంభమైన ఘోఘా ఫెర్రీ 370 కిలోమీటర్ల రోడ్డు దారిని 90 కిలోమీటర్ల సముద్ర ప్రయాణానికి కుదించింది. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్లు ఎంత ఉధృతమో పుస్తకంలో బొమ్మ చూస్తే తెలియదు, రేవులో నిలబడాలి.

అక్కడే అసలు బాధ్యత మొదలవుతుంది. 2014 జూన్ 8న బియాస్ నది ఒడ్డున ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జీ డ్యామ్ వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణీ చెరువులో పడవ బోల్తా పడి 12 మంది బడి పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పరిమితికి మించి ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. తరగతిలో హాజరు తప్పు పడితే రిజిస్టర్‌లో దిద్దుకోవచ్చు. యాత్రలో అలా కుదరదు. కోట్ చేసిన ధర ఎక్కువని ప్రిన్సిపాల్ బేరమాడినప్పుడు ముందు తెగేది రెండో సహాయకుడి కూలీయే. ఆ బేరానికి ఒప్పుకోకుండా యాత్రనే వదులుకోగలవారు ఈ వృత్తిలో ఎందరుంటారన్నది అనుమానమే. నెలాఖరు జీతం లేనివారికి అది మరీ కష్టం.

బేరం దాకా రాలేని పిల్లలూ ఉన్నారు. సూరత్ మగ్గాల మీద పనికి తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీల పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపింది. అలాంటి బడి నుంచి సువాలీ తీరం బస్సు దూరమే. కానీ మగ్గం కూలీతో నడిచే ఇంట్లో యాత్ర రుసుము చిన్న మొత్తం కాదు. ప్రైవేటు స్కూళ్లకు చెప్పే ధరలో నాలుగు సీట్ల ఖర్చు ముందే కలుపుకుంటే తప్ప ఆ పిల్లలు బస్సెక్కరు.